టీఎన్‌టీ: సులభంగా పేలని పేలుడు పదార్థం

సభకు నమస్కారం.

1863లో జూలియస్ విల్‌బ్రాండ్ అనే జర్మన్ రసాయనవేత్త ట్రైనైట్రోటొలీన్‌ను, అంటే మనం టీఎన్‌టీ అని పిలిచే పదార్థాన్ని, తొలిసారి తయారుచేసినప్పుడు అది పసుపు రంగు అద్దకానికి పనికివస్తుందని మాత్రమే భావించారు. మామూలు తాకిడికీ రాపిడికీ చలించని పదార్థం కనుక దాని పేలుడు శక్తి చాలా ఏళ్లపాటు ఎవరి దృష్టికీ రాలేదు. ఆ స్థిరత్వమే తరువాత దాన్ని సైన్యాలకు అత్యంత ప్రీతిపాత్రం చేసింది.

టీఎన్‌టీ దాదాపు 80 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. విచ్ఛిన్నం కావడానికి దాదాపు 240 డిగ్రీలు కావాలి. ఈ రెండింటి మధ్య ఉన్న విశాలమైన అంతరం వల్లనే దాన్ని ఆవిరి వేడితో కరిగించి ఫిరంగి గుండ్లలో పోయగలిగారు. అంతకుముందు వాడిన పిక్రిక్ ఆమ్లం లోహాలతో కలిసి, తనకంటే త్వరగా పేలే లవణాలను ఏర్పరచేది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1916 నాటి జట్లాండ్ నౌకాయుద్ధంలో ఆ ఆమ్లం నింపిన బ్రిటిష్ గుండ్లు చాలావరకు కవచాన్ని తాకగానే పేలిపోగా, టీఎన్‌టీ నింపిన జర్మన్ గుండ్లు కవచాన్ని చీల్చుకుని లోపలికి వెళ్లాక పేలాయి.

అయితే సులభంగా పేలదు అంటే ప్రమాదం లేదని అర్థం కాదు. నా దృష్టిలో ఆ పొరపాటుకు అత్యంత బాధాకరమైన సాక్ష్యం లండన్ తూర్పు భాగంలోని సిల్వర్‌టౌన్. యుద్ధ అవసరం పేరుతో జనం కిక్కిరిసి నివసించే ఆ పేటలోనే టీఎన్‌టీని శుద్ధి చేయించారు. 1917 జనవరి 19న కర్మాగారంలో రేగిన మంట సుమారు 50 టన్నుల సరుకుకు అంటుకోవడంతో 73 మంది చనిపోయారు.

పేలకుండానే ప్రాణం తీయడం దీని మరో స్వభావం. బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో గుండ్లు నింపిన స్త్రీల చర్మం, జుట్టు పచ్చబడ్డాయి. చర్మం గుండానూ శ్వాస గుండానూ ఒంట్లోకి చేరిన విషం కాలేయాన్ని దెబ్బతీసి, కొందరికి ప్రాణాంతకమైన కామెర్లు తెచ్చింది. దేశం కోసం పనిచేసిన ఆ కార్మికులను యుద్ధ మృతుల జాబితాల్లో వెతికితే చాలావరకు కనిపించరు. ఇది నన్ను ఎంతో కలచివేస్తుంది.

కర్మాగారాలు మూతపడినా ఆ విషం నేలను వదలదు. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని కార్న్‌హస్కర్ మందుగుండు కర్మాగారం నుంచి వ్యర్థజలాలు భూమిలోకి ఇంకి, చుట్టుపక్కల భూగర్భజలాన్ని కలుషితం చేశాయి. తాగునీటిలో జీవితకాలం తీసుకున్నా హాని కలగని మోతాదుగా ఆ దేశపు పర్యావరణ సంస్థ సూచించినది లీటరుకు 2 మైక్రోగ్రాములు మాత్రమే.