ఆ డాక్యుమెంటరీ చూశాక: లాయరుగారితో ఫోన్-ఇన్

(చెన్నై తెలుగు శ్రోతల కార్యక్రమం నుంచి. ఫోన్ చేసినవాళ్ళ పేర్లు, ఇళ్ళ గుర్తులు తీసేశాం.)

యాంకర్: నమస్కారం. పోయిన వారం టీవీలో ఇంగ్లండ్ పోలీసుల మీద డాక్యుమెంటరీ వచ్చింది కదా, గ్రేటర్ మాంచెస్టర్‌లో లైంగిక నేరాల కేసులు మాత్రమే చూసే డిటెక్టివుల గురించి. అది చూసి చాలామంది మెసేజ్‌లు పెట్టారు. అందుకే ఈ రోజు క్రిమినల్ కేసులు వాదించే లాయరుగారు మనతో ఉన్నారు. మేడమ్, నమస్కారం.

లాయర్: నమస్కారం. ముందే ఒక మాట. ఫోన్ చేసేవాళ్ళు బాధితురాలి పేరు చెప్పొద్దు, బడి పేరు చెప్పొద్దు, వీధి పేరు కూడా వద్దు. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు, చట్టమే అంత. భారతీయ న్యాయ సంహిత, అంటే నేరాలకు శిక్షలు చెప్పే చట్టం, 72వ సెక్షన్, రెండేళ్ళ దాకా జైలు ఉంటుంది.

యాంకర్: సరే మేడమ్. తాంబరం నుంచి ఒకమ్మాయి.

కాలర్: మేడమ్, నేను డిగ్రీ చదువుతున్నాను. అక్కడ ఈ కేసులకు వేరే యూనిట్ ఉంది కదా, మనకెందుకు లేదు?

లాయర్: లేకపోవడమేంటమ్మా, నువ్వున్న ఊళ్ళోనే 1992లో పెట్టారు, థౌజండ్ లైట్స్‌లో, జయలలితగారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. అనైత్తు మగళిర్ కావల్ నిలయం అని బోర్డు చూడలేదూ? అందరూ ఆడ పోలీసులే. తేడా ఎక్కడంటే, అక్కడి డిటెక్టివుకి అదొక్కటే పని. మన ఎస్సైకి పొద్దున మొగుడూ పెళ్ళాల గొడవ, మధ్యాహ్నం బందోబస్తు, సాయంత్రానికి పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, కింద ఒక కేసు. మనుషులు చెడ్డవాళ్ళు కాదు, తీరిక లేదు. నువ్వు పోలీసులో చేరాలనుకుంటున్నావా?

కాలర్: ఇంట్లో ఒప్పుకోరు మేడమ్.

లాయర్: అడిగి చూడు ముందు.

యాంకర్: థాంక్యూ అమ్మా. తర్వాత అంబత్తూరు.

కాలర్: మేడమ్, నాది సూటిగా ఒకటే. ఇవన్నీ బాగానే ఉన్నాయి, దొంగ కేసుల సంగతేంటి? మా ఆఫీసులో ఒకతని మీద...

లాయర్: ఆఫీసు సంగతి వద్దు. అబద్ధపు ఫిర్యాదుకి శిక్ష చట్టంలో ఉంది. నిజమా కాదా తేల్చడానికే దర్యాప్తు. మీరు చూసింది కూడా అదే కదా, ఫోన్ రికార్డులు, సాక్షులు, ఎవరు ఏ రోజు ఎక్కడ ఉన్నారు అని నెలల తరబడి తిరిగారు. విన్న వెంటనే అబద్ధం అనేసే పని మాత్రం వాళ్ళెవరూ చేయలేదు.

కాలర్: కాదు మేడమ్, మగవాళ్ళకి కూడా...

యాంకర్: లైన్‌లో చాలామంది ఉన్నారు సార్, ఏమీ అనుకోవద్దు. పెరంబూరు నుంచి పెద్దాయన, చాలాసేపటి నుంచి ఆగారు. చెప్పండి.

కాలర్: నమస్కారం అమ్మా. నేను రైల్వేలో చేసి రిటైరయ్యాను. మా ఆవిడ నేను కలిసి చూశాం, ఆవిడ సగంలో లేచి వెళ్ళిపోయింది, నేను చివరిదాకా చూశాను. అందులో ఆ రేడియో ఆయన కేసు ఉంది కదా, ఎప్పుడో అరవైల్లో, డెబ్బైల్లో జరిగినవాటికి ముసలితనంలో తీసుకొచ్చి నిలబెట్టారు. నాకర్థం కాలేదమ్మా. ఇన్నేళ్ళు ఆ ఆడవాళ్ళు ఏం చేస్తున్నట్టు? సాక్ష్యం ఏముంటుంది? మా ఆవిడని అడిగితే నీకు తెలియదులే అంది.

లాయర్: ఆవిడ కరెక్టుగా చెప్పారు. (నవ్వు) చూడండి సార్, అతను జిమ్మీ సావిల్ స్నేహితుడు. సావిల్ అంటే అక్కడ టీవీలో పెద్ద స్టార్, ఆస్పత్రులకు విరాళాలు పోగు చేసిన మనిషి. ఆయన 2011లో చనిపోయాక, మరుసటేడు ఆయన చేతిలో లైంగిక వేధింపులకు గురైనవాళ్ళు ఒక్కొక్కరే బయటికొచ్చారు. అంతకుముందు చెప్పినవాళ్ళు లేరా అంటే ఉన్నారు, నమ్మలేదు. ఈ రేడియో ఆయనకి 2014 డిసెంబరులో 25 ఏళ్ళు పడింది. ఒకరినొకరు ఎరగని ఆడవాళ్ళు వేరువేరుగా వచ్చి ఒకే రకంగా చెబుతుంటే అది సాక్ష్యం కాదా? మన దగ్గర కూడా రేప్ కేసుకి కాలపరిమితి లేదు. ఆలస్యం ఎందుకైందో చెప్పగలిగితే చాలని కోర్టులు ఎన్నోసార్లు అన్నాయి.

కాలర్: అంటే ఎప్పుడైనా పెట్టొచ్చంటారు.

లాయర్: పెట్టొచ్చు. కానీ ఆలస్యమయ్యేకొద్దీ చేతిలోది జారిపోతుంది. అందుకే ఎప్పుడూ చెబుతుంటాను, బట్టలు ఉతకొద్దు, ప్లాస్టిక్ కవర్లో పెట్టొద్దు, ఇంట్లో పంచాయితీ పెట్టొద్దు.

యాంకర్: థాంక్యూ సార్...

కాలర్: ఒక్క నిమిషం బాబూ. నేను అడగాలనుకున్నది అది కాదు. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో నేను కమిటీ మెంబర్ని. మా దగ్గర ఒక విషయం జరిగింది. ‘...’ బ్లాకులో

లాయర్: సార్, బ్లాకు చెప్పొద్దన్నాను.

కాలర్: సరే సరే. ఒక పాప ఉంది, ఆరో తరగతి. సెక్యూరిటీలో పనిచేసేవాడు లిఫ్ట్‌లో ఏదో చేశాడని వాళ్ళ నాయనమ్మతో చెప్పింది. వాళ్ళ నాన్న మా సెక్రటరీకి చెప్పాడు. మేం ఊరుకోలేదమ్మా, వెంటనే మీటింగ్ పెట్టాం. పాపని పిలిచి నెమ్మదిగానే అడిగాం. తర్వాత ఆ మనిషిని పని నుంచి తీసేశాం. ఇప్పుడు ఈ డాక్యుమెంటరీ చూసిన దగ్గర్నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. మేం చేసింది సరిపోతుందా, ఇంకా ఏమైనా చేయాలా?

లాయర్: పాపని ఎక్కడ అడిగారు?

కాలర్: అసోసియేషన్ ఆఫీసులో.

లాయర్: ఎవరెవరు ఉన్నారు?

కాలర్: మేం అయిదుగురం. వాళ్ళ నాన్న కూడా.

లాయర్: అయిదుగురు మగవాళ్ళా?

కాలర్: ... అవునమ్మా.

లాయర్: సార్, మీరు టీవీలో చూసిన ఆ గది గుర్తుందా? సోఫా, కెమెరా, ఎదురుగా ట్రైనింగ్ తీసుకున్న ఒక్క మనిషి. పిల్లతో పదిమంది పదిసార్లు చెప్పించకూడదనే అంత ఏర్పాటు. మన పోక్సో చట్టం కూడా అదే చెబుతుంది. 24వ సెక్షన్ చదవండి, వీలైనంతవరకు ఎస్సై హోదాకి తగ్గని ఆడ ఆఫీసరు, యూనిఫాం లేకుండా, పిల్ల ఉండే ఇంటికి వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి. మీరు ఎవరు సార్ అడగడానికి? రేపు కోర్టులో డిఫెన్స్ లాయరు, నేనే ఆ వైపు ఉన్నాననుకోండి, మొదట అడిగేది ఇదే: కమిటీ ముందు ఒకలా చెప్పావు, ఇక్కడ ఇంకోలా చెబుతున్నావు, ఏది నిజం అని.

కాలర్: పరువు కోసం కాదమ్మా, పాప కోసమే అలా...

లాయర్: తెలుసు సార్, మిమ్మల్ని తిట్టడం లేదు. ఆ మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడు?

కాలర్: తెలియదు. నెల జీతం ఇచ్చి పంపించేశాం.

లాయర్: నెల జీతం ఇచ్చి ఇంకో అపార్ట్‌మెంట్‌కి పంపించారు. అక్కడ కూడా లిఫ్ట్ ఉంటుంది.

కాలర్: (కొంతసేపు మౌనం) ఎన్నాళ్ళైందంటే, పది పన్నెండు రోజులైంది. వాళ్ళ నాన్న పోలీసుల దాకా వద్దంటున్నాడమ్మా. పాప పేరు పేపర్లో పడుతుందని. తల్లిదండ్రులే వద్దన్నప్పుడు మేం ఎవరం చెప్పడానికి?

లాయర్: పేపర్లో పడదు. వేసినవాడు జైలుకెళ్తాడు. పోక్సోలో విచారణ తలుపులు మూసి జరుగుతుంది, తల్లిదండ్రుల్ని పక్కనే ఉండనిస్తారు, సాక్ష్యం చెప్పేటప్పుడు వాడు పిల్లకి కనబడకుండా చూస్తారు. ఇక మీరు ఎవరు అంటారా, 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి మనిషీ పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే 21వ సెక్షన్, ఆరు నెలల దాకా జైలు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద మాత్రం కేసు ఉండదు.

కాలర్: అది సరేనమ్మా, కానీ వాళ్ళ నాన్న వద్దన్నాక, మేం మధ్యలో...

లాయర్: మళ్ళీ అదే అడుగుతున్నారు మీరు. చట్టం వాళ్ళ నాన్న అనుమతి అడగలేదు సార్. అయిదుగురిలో ఎవరు చెప్పినా చాలు, మీరే చెప్పండి. ఎదురుగా నిలబడి చెప్పడం ఇబ్బందైతే 1098కి చేయండి, పిల్లల హెల్ప్‌లైన్, రాత్రి పగలు ఉంటుంది. లేదా 112, అత్యవసర నంబరు.

యాంకర్: మేడమ్, టైమ్...

లాయర్: ఉండండి, ఇది ముఖ్యం. సార్, లిఫ్ట్‌లో కెమెరా ఉందా?

కాలర్: లిఫ్ట్‌లో లేదు. లిఫ్ట్ బయట ఉంది.

లాయర్: హార్డ్ డిస్క్ నిండితే పాతది దానంతట అదే చెరిగిపోతుంది. ఎన్ని రోజులు ఉంటుందో మీకు తెలుసా?

కాలర్: తెలియదమ్మా. సెక్రటరీకి తెలియాలి.

లాయర్: ఫోన్ పెట్టేసి నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళండి. రికార్డింగ్ ఆపించండి, ఎవరూ చూడొద్దు, కాపీ తీసి వాట్సాప్‌లో పెట్టొద్దు, అసలు వాట్సాప్ మాటే వద్దు. పోలీసులు వచ్చి తీసుకుంటారు. అతని డ్యూటీ రిజిస్టరు, పనిలో పెట్టుకున్నప్పుడు ఇచ్చిన ఆధార్ కాపీ దాచండి. పాపని ఇంకెవరూ, ఆడవాళ్ళైనా సరే, కూర్చోబెట్టి అడగొద్దు. ఆ నాయనమ్మకి మాత్రం చెప్పండి, నువ్వు చెప్పడం మంచిదైంది అని ఆ పిల్లతో ఒక్కసారి అనమని. ఎవరూ అని ఉండరు ఇంతవరకు.

కాలర్: అనలేదమ్మా. మేం కూడా ఇంక ఎవరితో అనకు అనే చెప్పాం.

లాయర్: వెళ్ళండి సార్. ముందు కెమెరా.

యాంకర్: థాంక్యూ సార్. తర్వాత కీళ్పాక్ నుంచి ఒక నర్సుగారు.

కాలర్: మేడమ్, ప్రైవేటులో చేస్తాను. ఇలాంటి కేసు వస్తే ముందు ఎఫ్ఐఆర్ తెమ్మని కౌంటర్లో అంటారు. అది రూలేనా?

లాయర్: కాదు. ప్రైవేటైనా గవర్నమెంటైనా వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి, నాగరిక్ సురక్షా సంహిత, అంటే పోలీసులు, కోర్టులు కేసు ఎలా నడపాలో చెప్పే చట్టం, 397వ సెక్షన్. పంపించేస్తే ఆస్పత్రి నడిపేవాళ్ళకి ఏడాది దాకా జైలు. పోలీసులకు కబురు ఆస్పత్రే చేయాలి, ఆమెని తిప్పకూడదు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి, శాంపిళ్ళు 96 గంటల దాకా తీస్తారు. ఎఫ్ఐఆర్ కోసం ఆటోలో తిప్పితే ఆ గంటలు ఎవరిస్తారు? ఇంకా ఆమెకి ముందే అలవాటుందా అని చూసే ఆ రెండు వేళ్ళ పరీక్ష ఎక్కడైనా చేస్తుంటే చెప్పండి, 2013లోనే సుప్రీంకోర్టు తప్పన్నది, 2022లో మళ్ళీ చెప్పింది, చేసిన డాక్టరుది దుష్ప్రవర్తన కిందకి వస్తుందని.

కాలర్: మా దగ్గర లేదు మేడమ్. కానీ బట్టలు మాత్రం పాలిథీన్ కవర్లోనే...

లాయర్: అదే! ప్లాస్టిక్‌లో తేమ ఉండి పాడైపోతాయి. ఆరనిచ్చి కాగితం కవర్లో పెట్టి సీలు వేయాలి. ఎన్నిసార్లు చెప్పాలో.

యాంకర్: వేళచ్చేరి. త్వరగా చెప్పండి.

కాలర్: మేడమ్, అందులో పోలీసులు అంత కష్టపడితే చివరికి కేసు సరిపోదని ఆపేస్తారు కదా, అదెవరు ఆపేది?

లాయర్: క్రౌన్ ప్రాసిక్యూషన్ సర్వీస్ అని వేరే ఆఫీసు, అక్కడి లాయర్లు. పెద్ద కేసుల్లో అభియోగం మోపాలా వద్దా అన్నది వాళ్ళ నిర్ణయం. మన దగ్గర చార్జ్‌షీటు పోలీసులే వేస్తారు, రేప్, పోక్సో కేసుల్లో రెండు నెలల్లో దర్యాప్తు పూర్తి చేయాలని ఉంది. ఉందంతే.

యాంకర్: తర్వాతి కాలర్, ఊరు చెప్పొద్దన్నారు.

కాలర్: మేడమ్... నాది చాలా పాత సంగతి. మా బంధువే. ఇప్పుడు నాకు పిల్లలున్నారు. కేసు పెట్టాలని కాదు. అది చూశాక... ఎవరితోనైనా చెప్పాలంటే?

లాయర్: చెప్పమ్మా, నాతో అయితే ఇక్కడ కాదు, ఇది అందరూ వింటున్నారు. లైన్ కట్ చేయకుండా ఉండు, నా నంబరు వీళ్ళు ఇస్తారు. 181కి కూడా చేయొచ్చు, ఆడవాళ్ళ హెల్ప్‌లైన్. కేసు పెట్టాలా వద్దా అన్నది తర్వాత, నీ ఇష్టం, తొందరేం లేదు. సరేనా తల్లీ?

కాలర్: సరే మేడమ్.

యాంకర్: లైన్‌లోనే ఉండండి అమ్మా. చివరి కాల్, సిరుసేరి.

కాలర్: మేడమ్, మా చెల్లెలు ఇక్కడ హాస్టల్లో ఉండేది. జరిగింది ఇక్కడ, ఇప్పుడు తను నెల్లూరు వెళ్ళిపోయింది. అక్కడ స్టేషన్లో చెన్నై వెళ్ళి పెట్టుకోండి అన్నారు.

లాయర్: తప్పు. జీరో ఎఫ్ఐఆర్ అంటారు, ఏ స్టేషన్లోనైనా తీసుకుని వాళ్ళే ఇక్కడికి పంపాలి. 2024 జూలై నుంచి ఆ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్లో స్పష్టంగా రాసేశారు. ఆడ ఆఫీసరే రాసుకోవాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఆ ఆఫీసరుకే ఆరు నెలలకు తక్కువ కాకుండా శిక్ష. ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి. బట్టలు ఉతికారా?

కాలర్: తెలియదు మేడమ్, అడగలేదు.

లాయర్: అడిగి, ఉతకకపోతే కాగితం కవర్...

యాంకర్: మేడమ్, వార్తల టైమైంది. సిరుసేరి సార్, మీరు కూడా లైన్‌లో ఉండండి, నంబరు ఇస్తాం. అందరికీ నమస్కారం.