స్తంభం రాని చెలకలో ఇల్లు, షెడ్డు: సౌర విద్యుత్తుపై స్టూడియో చర్చ

(పాల్గొన్నవారు: విద్యుత్ శాఖలో పనిచేసి పదవీ విరమణ పొందిన ఇంజనీరు, దేవరకొండ ప్రాంతంలో ఇనుప పనుల షెడ్డు నడుపుతున్న వెల్డింగు మేస్త్రీ, కల్వకుర్తి దగ్గర సొంత చెలకలో ఇల్లు కట్టబోతున్న మహిళా రైతు.)

సంధానకర్త: నమస్కారం. ఊరికి దూరంగా చెలకలో ఇల్లు, దాని పక్కనే ఒక పని షెడ్డు వేసుకుని, విద్యుత్ లైనుతో సంబంధం లేకుండా ఎండతోనే రెండింటినీ నడుపుకోవాలంటే లెక్క ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఈనాటి చర్చ. అమ్మా, మీ సంగతితోనే ప్రారంభిద్దాం.

రైతు: మాది రెండు గదుల ఇల్లు. షెడ్డు మా అబ్బాయిది. ఐటీఐలో వెల్డింగు నేర్చుకుని వచ్చాడు. సోలార్ పెట్టేవాళ్లను అడిగితే ఒకరు మూడు కిలోవాట్లు చాలన్నారు, మరొకరు పది కావాలన్నారు. ఇంట్లో ఏమేమి నడుస్తాయో, షెడ్డులో ఏ వేళ పని జరుగుతుందో ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

సంధానకర్త: ఇంజనీరు గారూ, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు ఉంది కదా. బోరు దగ్గరి లైను నుంచే ఇల్లు, షెడ్డు నడుపుకోవచ్చు కదా అని ప్రేక్షకులు అనుకోవచ్చు.

ఇంజనీరు: ఆ కనెక్షను పంటకు నీరు పెట్టడానికే ఇచ్చారు. దాని మీద వెల్డింగు మిషను పెట్టడం నిబంధనలకు విరుద్ధం. ఇంకొక మాట కూడా ముందే చెప్పాలి. స్తంభం దగ్గరలోనే ఉంటే లైను తీసుకోండి అని చెప్పే మనిషిని నేను. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు వచ్చే 78,000 రూపాయల రాయితీ కూడా లైనుకు కలిపి పెట్టుకునే ఇంటి సోలార్ కోసం ఉద్దేశించినదే. లైను లేకుండా బతకడం స్తంభాలకయ్యే ఖర్చు బ్యాటరీల ఖర్చును మించినచోటే అర్థవంతం.

రైతు: మాకు ఆఖరి స్తంభం కిలోమీటరు దూరంలో ఉంది సార్.

ఇంజనీరు: అయితే సోలార్ పలకల సంఖ్యను పక్కనపెట్టి ఒక రోజు వాడకాన్ని రాసుకుందాం. ఆరు బల్బులు ఐదు గంటలు వెలిగితే పావు యూనిట్ పైచిలుకు. మామూలు ఫ్యాను 75 వాట్లు తింటుంది, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల లోపు. అలాంటివి మూడు పద్నాలుగు గంటలు తిరిగినా ఒకటింబావు యూనిట్లు దాటదు. ఫ్రిజ్‌కు ఒక యూనిట్, టీవీకి పావు, ఒక హెచ్‌పీ మోటరు ముప్పావుగంట నడిస్తే ముప్పావు యూనిట్, మిక్సీ, ఫోన్లు వగైరాలకు మరికొంత. అంతా కలిపి రోజుకు నాలుగు యూనిట్ల లోపే. ఇంటి లెక్క ఇంతటితో అయిపోయింది, దానిలో చిక్కేమీ లేదు.

సంధానకర్త: చిక్కంతా షెడ్డులోనే అంటారు. మేస్త్రీ గారూ?

మేస్త్రీ: అవునండీ. వంద ఆంపియర్ల మీద కడ్డీ కాలుతున్నప్పుడు ఇన్వర్టర్ రకం వెల్డింగు మిషను దాదాపు మూడు కిలోవాట్లు లాగుతుంది. పాత రాగితీగ చుట్టల మిషను ఇంకా ఎక్కువ లాగుతుంది. సోలార్ మీద దానిని పెట్టాలనే ఆలోచనే వద్దు. అయితే రోజంతా పనిచేసినా కడ్డీ నిజంగా వెలిగేది గంటన్నరే. మిగిలిన సమయమంతా కొలవడం, కోయడం, బిగించడం, రైతుతో మాట్లాడటంతోనే సరిపోతుంది. గ్రైండరు, డ్రిల్లు కూడా కలుపుకుంటే నా షెడ్డుకు రోజుకు ఐదున్నర యూనిట్లు పడుతున్నాయి.

ఇంజనీరు: ఇల్లూ షెడ్డూ కలిపితే తొమ్మిది యూనిట్ల పైన. మన పాలమూరు, నల్లగొండ ఎండకు, నష్టాలన్నీ పోగా, ఒక కిలోవాట్ పలకలు సగటున రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తాయనుకోవచ్చు. ఆ లెక్కన రెండున్నర కిలోవాట్లు చాలినట్టే కనిపిస్తుంది, కానీ చాలవు. వేసవిలో పలక వేడి 65 డిగ్రీలకు చేరితే, 25 డిగ్రీల దగ్గర కొలిచిన సామర్థ్యంలో ఏడో వంతు వరకు పోతుంది. మిట్టమధ్యాహ్నం వెల్డింగు నడుస్తుండగానే ఫ్రిజ్ కూడా ఆన్ అవుతుంది. అందుచేత 540 వాట్ల పలకలు ఎనిమిది, అంటే నాలుగు కిలోవాట్ల పైచిలుకు పెట్టుకోమంటాను. మన అక్షాంశానికి దక్షిణ ముఖంగా 15 నుంచి 17 డిగ్రీల వాలు సరిపోతుంది. రేకులకు అంటించినట్టు కాకుండా కింద జానెడు గాలి ఆడేలా బిగించాలి. వేసవి గాలివానకు లేచిపోకుండా బోల్టులు రేకుకు కాక కింది ఇనుప పట్టీకి పడాలి.

సంధానకర్త: బ్యాటరీల మాట?

ఇంజనీరు: పని ఏ వేళ చేస్తారన్నదే బ్యాటరీ పరిమాణాన్ని నిర్ణయిస్తుంది. పలకలు చౌక, బ్యాటరీ ఖరీదు. వెల్డింగు పగలు పదింటికీ మూడింటికీ మధ్య పూర్తయితే ఆ విద్యుత్తు చాలావరకు పలకల నుంచి నేరుగా మిషనుకు పోతుంది, బ్యాటరీ రాత్రి ఇంటికే మిగులుతుంది. 48 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో ఐదు యూనిట్లు ఉంటాయి, నాలుగు వాడుకోవచ్చు. అదే 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ (సీసం, యాసిడ్ రకం) బ్యాటరీలు నాలుగు పెడితే ఏడు యూనిట్లున్నా సగానికి మించి తీయకూడదు.

మేస్త్రీ: నేను తీశానండీ. మొదట్లో పాత బ్యాటరీలు కొని, రాత్రి తొమ్మిదింటి దాకా గేట్లు అతికించేవాణ్ని. ఏడాది తిరగకుండానే నాలుగూ చచ్చిపోయాయి. అమ్మినతను సగం దాటి వాడొద్దని చెప్పలేదు, నేనూ అడగలేదు.

రైతు: మోటరు మాటేమిటి సార్? ఆన్ చేయగానే ఇన్వర్టర్ ఆగిపోతుందని విన్నాను.

ఇంజనీరు: నిజమే. మోటరు మొదలయ్యే క్షణంలో మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఐదు కేవీఏ (ఎంత లోడు మోయగలదో చెప్పే కొలత) ఇన్వర్టర్ ఒక హెచ్‌పీ మోటరును తట్టుకుంటుంది గాని, అదే సమయంలో కడ్డీ వెలుగుతుంటే తట్టుకోలేదు. నీళ్లు ఉదయమే ట్యాంకుకు ఎక్కించుకోండి. పంటకు పెట్టే పెద్ద బోరు మోటరును ఈ ఇన్వర్టర్‌కు అసలు కలపవద్దు. తీగల విషయం కూడా చెబుతాను: 5,000 వాట్లను 12 వోల్టుల దగ్గర తీస్తే 400 ఆంపియర్ల పైన పారుతుంది, 48 దగ్గర తీస్తే వంద చిల్లర. చౌకగా దొరికిందని 12 వోల్టుల ఇన్వర్టర్ కొన్నవారు మిగిల్చిన డబ్బును రాగితీగకే పోస్తారు.

మేస్త్రీ: షెడ్డు గురించి మూడు జాగ్రత్తలు చెప్పాలక్కా. ట్యూబులర్ బ్యాటరీలు ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది, మన పని అంతా నిప్పురవ్వలు; అందుకని బ్యాటరీలకు గాలి ఆడే వేరే గది కట్టించు. గ్రైండరు రవ్వలు పలకల అద్దం మీద పడితే కరుచుకుని తుప్పు మరకలవుతాయి, తుడిచినా పోవు. కోత పని పలకలకు దూరంగా పెట్టుకో. వెల్డింగు క్లాంపును అతికించే ముక్కకే తగిలించాలి, షెడ్డు స్తంభానికి కాదు. పలకల ఎర్తింగు ఆ స్తంభానికే ఉంటే వెల్డింగు కరెంటు ఆ సన్న తీగ గుండా దారి వెతుక్కుంటుంది.

ఇంజనీరు: ఈ మూడో జాగ్రత్త చాలామంది ఇంజనీర్లకు కూడా తట్టదు.

సంధానకర్త: ముసురు పట్టినప్పుడు ఏం చేయాలి?

ఇంజనీరు: నాలుగైదు రోజులు ముసురు పడితే కిలోవాట్‌కు ఒక యూనిట్ వచ్చినా గొప్పే. ఎనిమిది పలకలు కలిసి ఇంటిని మాత్రం నిలబెడతాయి, షెడ్డు ఆగుతుంది.

మేస్త్రీ: అసలు ఇబ్బంది అక్కడే ఉందండీ. మిరుగం, అంటే మృగశిర కార్తె, రాగానే గొర్రు విరిగిందని, కల్టివేటరు వంగిందని అందరూ ఒకేసారి వస్తారు. ఏడాదిలో నాకు ఎక్కువ పని ఉండేదీ, ఆకాశం మూసుకుపోయేదీ ఆ రోజుల్లోనే. నేల పదును పోతుందని తెలిసి, రేపు ఎండొచ్చాక రమ్మని రైతును ఎట్లా పంపగలను?

ఇంజనీరు: ఆ పది పదిహేను రోజుల కోసం బ్యాటరీలను మూడింతలు చేయమని నేను చెప్పను. ఐదు కేవీఏ డీజిల్ జనరేటర్ ఒకటి ఉండాలి. సౌర విద్యుత్తు గురించి మాట్లాడటానికి వచ్చి డీజిల్ పేరు చెప్పడం నాకు ఇష్టం లేదు గాని, లెక్క అలాగే తేలుతోంది.

రైతు: జనరేటర్ ఖర్చు కూడా ముందే రాసుకుంటే, ఇల్లు మొదట, షెడ్డు మరుసటి ఏడాది అన్నట్టు చేయవచ్చా?

ఇంజనీరు: చేయవచ్చు. ఇన్వర్టర్, తీగలు, పలకల చట్రం మాత్రం మొదటిరోజే పూర్తి లెక్కకు వేయించండి. పలకలు నాలుగు ఇప్పుడు, నాలుగు తరువాత పెట్టుకోవచ్చు. బ్యాటరీ మాత్రం ఒకేసారి కొనాలి. పాతదానికి కొత్తది జోడిస్తే పాతది కొత్తదానిని కూడా తన స్థాయికి లాగుతుంది.

సంధానకర్త: మేస్త్రీ గారూ, మీ దగ్గర జనరేటర్ ఉందా?

మేస్త్రీ: ఉందండీ. పోయినేడు మిరుగంలో రోజూ నడిచింది. ఈసారి గొర్రులు, గుంటకలు రోహిణి కార్తెలోనే తెచ్చి బాగు చేయించుకొమ్మని, అప్పుడైతే పది శాతం తగ్గిస్తానని ఊళ్లల్లో చెప్పి వచ్చాను. నలుగురైదుగురు తెచ్చారు.