ఆటోఇమ్యూన్ కాలేయ వ్యాధి: యాంటీబాడీ రిపోర్టు చదవడం ఎలా

శ్రోతలకు నమస్కారం.

కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ నెలల తరబడి పెరిగే ఉన్నాయి అనుకోండి. మద్యం అలవాటు లేదు, హెపటైటిస్ బి, సి కూడా లేవు. అప్పుడు డాక్టరుగారు ఆటోఇమ్యూన్ లివర్ ప్రొఫైల్ రాస్తారు. మన రక్షణ వ్యవస్థే మన కాలేయం మీద దాడి చేస్తోందా అని చూసే రక్త పరీక్ష ఇది. దీనికి పరగడుపున ఉండక్కర్లేదు, 3 నుంచి 5 మిల్లీలీటర్ల రక్తం చాలు. కానీ స్టెరాయిడ్ మొదలుపెట్టకముందే రక్తం ఇవ్వాలి. మందు పడ్డాక యాంటీబాడీలు (రక్షణ వ్యవస్థ తయారుచేసే ప్రొటీన్లు), వాటిలో ప్రధాన రకమైన ఐజీజీ మొత్తం తగ్గిపోయి రిపోర్టు తప్పుదారి పట్టించవచ్చు.

ల్యాబులో సీరమ్‌ను, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని, పలుచన చేసి, ఎలుక కాలేయం, మూత్రపిండం, జీర్ణాశయం ముక్కలున్న స్లైడు మీద వేస్తారు. యాంటీబాడీలు ఉంటే అక్కడ అతుక్కుంటాయి. వాటిని మెరిసే రంగుతో గుర్తించి మైక్రోస్కోపులో చూస్తారు. 40 రెట్లు పలుచన చేసినా మెరుపు కనిపిస్తే 1:40 అని రాస్తారు. పెద్దవాళ్లలో ఇది లెక్కలోకి వస్తుంది. ఏఎన్ఏ, ఎస్ఎంఏ, ఎల్‌కేఎం, ఏఎంఏ, ఎస్ఎల్ఏ అనేవి ఈ ప్రొఫైల్‌లో వెతికే యాంటీబాడీల పేర్లు. పిల్లల్లో ఏఎన్ఏ, ఎస్ఎంఏలకు 1:20, ఎల్‌కేఎంకు 1:10 కూడా ముఖ్యమే.

పొరపాటు ఎక్కువగా జరిగేది మూత్రపిండం ముక్క దగ్గరే. ఎల్‌కేఎం, ఏఎంఏ రెండూ అక్కడి నాళికలను మెరిపిస్తాయి. ఏఎంఏ జీర్ణాశయం కణాలనూ మెరిపిస్తుంది, ఎల్‌కేఎం మెరిపించదు. ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటే జబ్బు పేరే మారిపోతుంది. ఏఎంఏ పిత్తనాళాల జబ్బైన పీబీసీకి గుర్తు, ఎల్‌కేఎం ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లో (రక్షణ వ్యవస్థ దాడి వల్ల వచ్చే కాలేయ వాపులో) రెండో రకానికి గుర్తు. ఎస్ఎల్ఏ అయితే ఈ స్లైడు మీద కనిపించదు. దానికి ఎలైజా లేదా బ్లాట్ పరీక్ష విడిగా చేయించాలి.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక రిపోర్టు, కూకట్‌పల్లిలో ఇంకొకటి తీసుకుని అంకెలు పోల్చుకోకండి. ఒకచోట కణజాలం మీద, మరోచోట ల్యాబులో పెంచిన హెప్-2 అనే మనిషి కణాల మీద చేసి ఉండొచ్చు. ఆ రెండింటి హద్దులు వేరు. కాబట్టి ఉత్త 'పాజిటివ్' అన్న మాట సరిపోదు. ఏ పద్ధతిలో చేశారో, ఎన్ని రెట్ల పలుచన దాకా కనిపించిందో రాసిమ్మని అడగండి, అది మీ హక్కు.

ఆరోగ్యవంతుల్లోనూ ఏఎన్ఏ తక్కువ మోతాదులో కనిపిస్తుంది. హెపటైటిస్ సి ఉన్నవాళ్లలోనూ వస్తుంది. మరోపక్క, జబ్బు ఉండి కూడా యాంటీబాడీలన్నీ నెగటివ్‌గా వచ్చేవాళ్లున్నారు. అందుకే ఐజీజీ చూస్తారు, చాలామందికి లివర్ బయాప్సీ (కాలేయం నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) కూడా అవసరమవుతుంది.

కామెర్లు అనగానే పసరు తాగి ఉంటే, రోజూ తిప్పతీగ వాడుతుంటే డాక్టరుగారికి తప్పక చెప్పండి. తిప్పతీగ తీసుకున్నవాళ్లలో ఇలాంటి కాలేయ వాపు కనిపించిందని 2021 నుంచి మన దేశంలోనే కేసులు నమోదయ్యాయి.

చికిత్స మొదలయ్యాక మందు ఎంత పని చేస్తోందో ఎస్‌జీపీటీ, ఐజీజీలతోనే చూస్తారు. యాంటీబాడీ నెగటివ్ అయిందని ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు మీ అంతట మీరు ఆపకండి.