బెంగళూరు వ్లాగ్: ఆయిల్ పైప్‌లైన్ ఆఫీసులో నా సమ్మర్ జాబ్

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు? నాది హిందూపురం, బెంగళూరులో బీకాం చదువుతున్నాను. ఈ సెలవులకి ఊరికి వెళ్లకుండా ఇక్కడే ఒక ఆయిల్ పైప్‌లైన్ కంపెనీ ఆఫీసులో అడ్మిన్ పనికి చేరాను. బీకాం చదివే పిల్లకి ఆయిల్ కంపెనీలో ఏం పని అని మా పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతోంది. కాబట్టి ఈ వ్లాగ్ ముందు పిన్నికి, ఆ తర్వాత ఇలాంటి పని దొరికితే చేరాలా వద్దా అని ఆలోచించేవాళ్లకి.

ఆఫీసులో వీడియో తీయకూడదు. టెర్మినల్‌కి, అంటే పెట్రోలు, డీజిలు ట్యాంకులుండే చోటికి వెళ్తే ఫోన్ గేటు దగ్గరే ఇచ్చేయాలి. పెట్రోలు ఆవిరి ఉండే చోట మామూలు ఫోన్ కూడా ప్రమాదమే. అందుకే మీకు కనిపించేది కేఆర్ పురం మెట్రో, మా పీజీ మేడ, ట్రైన్ కిటికీ. మిగతాదంతా నేను చెప్తాను, వినండి.

బెంగళూరుకి సముద్రం లేదు, రిఫైనరీ లేదు. మరి ఇక్కడి బళ్లకి పెట్రోలు, డీజిలు ఎలా వస్తున్నాయని నేనెప్పుడూ ఆలోచించలేదు. మంగళూరు నుంచి హాసన్ మీదుగా ఒక లైను, చెన్నై నుంచి ఇంకో లైను నేల కిందుగా వచ్చి హోస్కోటె దగ్గర దేవనగొందికి చేరతాయి. మంగళూరు లైను 2003లో మొదలైంది, పొడవు సుమారు 360 కిలోమీటర్లు. సముద్రం ఒడ్డున బయల్దేరి, పశ్చిమ కనుమలెక్కి, దాదాపు 900 మీటర్ల ఎత్తున్న ఈ ఊరి దాకా రావాలి. పంపుల మీద ఎంత బరువు పడుతుందో ఊహించుకోండి. నాకు ఇంకా ఆశ్చర్యమనిపించింది ఏంటంటే, ఒకే పైపులో పెట్రోలు వెనకాలే డీజిలు పంపిస్తారు, మధ్యలో అడ్డుగోడ ఏమీ ఉండదు. రెండూ కలిసే చోట కొంచెం భాగం కలిసిపోతుంది, దాన్ని ఇంటర్‌ఫేస్ అంటారు. సాంద్రత మారడాన్ని బట్టి అది వచ్చిందని కనిపెట్టి, దాన్ని వేరే ట్యాంకులోకి మళ్లిస్తారు.

ఇక నా పని. పొద్దున వెళ్లగానే టపాలు తీసుకుని ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో ఎక్కించాలి. తర్వాత పాత ఫైళ్లు స్కాన్ చేసి, ఊరు, సర్వే నంబరు, చైనేజీ ప్రకారం పేర్లు పెట్టాలి. చైనేజీ అంటే లైను మొదలైన చోటు నుంచి ఈ పాయింటు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని మీటర్లు అన్న లెక్క. మీటింగ్ మినిట్స్, కొరియర్లు, కాంట్రాక్టర్ల బిల్లులకి వోచర్లు, ఇవన్నీ ఏ ఆఫీసులోనైనా ఉండేవే.

నన్ను కట్టిపడేసింది మాత్రం భూమి ఫైళ్లు. పైప్‌లైను కోసం రైతు పొలాన్ని కంపెనీ కొనదు. 1962లో వచ్చిన పెట్రోలియం పైప్‌లైన్ల చట్టం కింద 'వాడుకునే హక్కు' మాత్రం తీసుకుంటుంది. ఆఫీసులో దాన్ని ఆర్ఓయూ అంటారు. భూమి రైతు పేరు మీదే ఉంటుంది. ముందు గెజిట్‌లో నోటిఫికేషన్ వస్తుంది, అభ్యంతరం ఉంటే 21 రోజుల్లో చెప్పుకోవాలి. పైపు వేసేటప్పుడు పోయిన పంటకి, చెట్లకి నష్టపరిహారం ఇస్తారు. దాంతో పాటు, వాడుకునే హక్కు తీసుకున్నంత భూమికి నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో 10 శాతం ఇస్తారు. పైపు పూడ్చాక ఆ పట్టీలో రాగులు వేసుకోవచ్చు, టమాటా వేసుకోవచ్చు. ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు.

చెట్టు నాటకూడదన్న మాట రాసుకోవడం తేలిక. కోలారు జిల్లాలో, అందులోనూ శ్రీనివాసపురం లాంటి మామిడి సీమలో, కాపుకొచ్చిన చెట్లు కొట్టేశాక అదే వరసలో మళ్లీ మొక్క పెట్టుకోలేకపోవడం ఆ ఇంటికి చిన్న విషయం కాదు. పంచనామా కాగితాల్లో చెట్ల వయసు, కాపు, అన్నీ ఒక్కొక్కటిగా రాసి ఉంటాయి. అవి టైప్ చేసేటప్పుడు నేను అంకెలు రెండేసిసార్లు చూసుకుంటాను. ఒక సున్నా తగ్గితే అది ఎవరింటి డబ్బో నాకు తెలుసు.

మాలూరు, కోలారు, ముళబాగిలు వైపు చాలా ఊళ్లలో ఇంట్లో తెలుగే. ఆఫీసుకి రైతుల ఫోన్లు వస్తే మేడమ్ నాకే ఇస్తారు. "అమ్మణ్ణీ, మా దుడ్డు ఎప్పుడొస్తాది?" అని అవతల వినిపిస్తే మా హిందూపురం సందులో ఉన్నట్టే ఉంటుంది. పహణీలు, అంటే పొలం రికార్డులు, కన్నడంలో ఉంటాయి. లిపి మన దానికి దగ్గరే కాబట్టి మెల్లగా కూడబలుక్కుని చదివేస్తున్నాను.

అలా ఫోన్‌లో పరిచయమైన ఒక అవ్వ గురించి చెప్పాలి. పొలం ఇంకా చనిపోయిన తాత పేరు మీదే ఉంది, మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, కాలేదు. అలాంటప్పుడు వారసులెవరో చూపించే వంశవృక్షం, మరణ ధ్రువీకరణ పత్రం, అందరి ఆధార్, పాస్‌బుక్ కాపీలు కావాలి. కొడుకులు ఒక వంశవృక్షం తెచ్చి ఇచ్చారు. అందులో అవ్వ, ముగ్గురు కొడుకులు ఉన్నారు. ఒక పాస్‌బుక్ కాపీ సరిగ్గా కనిపించట్లేదని చెప్పడానికి నేను ఫోన్ చేస్తే అవ్వ మాటల్లో మాటగా అంది: "పాస్‌బుక్కు అంటే మా పాపదీ కావాలా? అది హోసూరులో ఉండాది."

కూతురు ఉంది, కాగితంలో లేదు.

వెంటనే లోపలికి వెళ్లి మేడమ్‌కి చెప్పాను. ఆవిడ కోప్పడలేదు, ఆశ్చర్యపోలేదు, ఇది తరచూ చూసేదే అన్నారు. తండ్రి సొంత ఆస్తిలో కూతురికి 1956 హిందూ వారసత్వ చట్టం నుంచీ హక్కుంది. పిత్రార్జితంలో సమాన వాటా మన ఆంధ్రలో 1986లో, కర్ణాటకలో 1994లో, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఇన్నేళ్లయినా పెళ్లై వెళ్లిన ఆడపిల్ల పేరు రాయకపోవడం ఊళ్లలో మామూలైపోయింది. నాకు చాలా బాధేసింది. కొడుకులు చెడ్డవాళ్లని నేను అనను, పెద్ద కొడుక్కి ఫోన్ చేస్తే "కట్నం ఇచ్చినాం గదమ్మా" అన్నాడు, నిజంగా అదే న్యాయమనుకుంటున్నాడు. వాటాల్లో పేచీ వస్తే పరిహారం విషయం జిల్లా జడ్జి దగ్గరికి వెళ్తుందని, అప్పుడు ఎవరికీ త్వరగా రాదని మేడమ్ ఆయనకి ఓపిగ్గా చెప్పారు. కొత్త వంశవృక్షం తెస్తామని ఒప్పుకున్నారు.

ఇప్పుడు చూస్తున్నది దేవనగొంది స్టేషను, వైట్‌ఫీల్డ్ దాటాక వస్తుంది. బంగారుపేట వెళ్లే లోకల్ ఎక్కాం. ఆఫీసు వాళ్లు మమ్మల్ని ఒకరోజు లైను చూడటానికి తీసుకొచ్చారు. చూడటానికి ఏముంది, పైపు మీటరుకి పైగా లోతులో ఉంటుంది. పైన కనిపించేవి కిలోమీటరు రాళ్లు, హెచ్చరిక బోర్డులు, తుప్పు పట్టకుండా పైపుకి ఇచ్చే కరెంటు సరిగ్గా ఉందో లేదో కొలిచే పోస్టులు. లైన్ వాకర్ అన్న ఒకాయన జీపీఎస్ పరికరం పట్టుకుని రోజూ తన బీటు మొత్తం నడుస్తాడు. కొత్తగా మట్టి తవ్వినట్టు కనిపించినా, జేసీబీ ఆగి ఉన్నా కంట్రోల్ రూమ్‌కి చెప్తాడు. ఈ లైన్లకి జేసీబీతోనే పెద్ద భయం అన్నాడు. మీ పొలం దగ్గర ఇలాంటి బోర్డు ఉంటే, తవ్వే ముందు దాని మీదున్న నంబరుకి ఫోన్ చేయండి. 2023లో ప్రభుత్వం 'కాల్ బిఫోర్ యు డిగ్' అనే యాప్ కూడా తెచ్చింది, అది తవ్వేవాళ్లకీ లైన్ల యజమానులకీ మధ్య సమాచారం అందించడానికే.

ఈ జాబ్ ఎలా దొరికిందంటే, ఫిబ్రవరిలోనే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను, కాలేజీ నుంచి నో అబ్జెక్షన్ లెటర్ తీసుకున్నాను. స్టైపెండ్ పీజీ ఖర్చుకి సరిపోతుంది, అంతకన్నా పెద్దగా ఆశించకండి. ఎక్సెల్ బాగా రావాలి, కన్నడ కొంచెం వస్తే మేలు. ఫోన్‌లో పెద్దవాళ్లతో ఓపిగ్గా మాట్లాడటం వస్తే ఇంకా మేలు.

అవ్వ ఫైలు సంగతి. హోసూరు అక్క నాకు నిన్న ఫోన్ చేసింది, సోమవారం పాస్‌బుక్, ఆధార్ తీసుకుని అవ్వతో కలిసి వస్తోంది. సంతకాలు అయితే ఫైలు కాంపిటెంట్ అథారిటీ, అంటే పరిహారం తేల్చే అధికారి ఆఫీసుకి వెళ్తుంది. కవరింగ్ లెటర్ నేను ఇవాళే టైప్ చేసి పెట్టాను, వారసుల పట్టికలో అయిదు పేర్లతో.