ఒక్క బిల్లుకి ఇన్ని తేదీలేంటి?

హాయ్ అండీ, వైజాగ్ నుంచి మళ్ళీ నేనే. ఈరోజు పర్చేజ్ ఎంట్రీలో, అంటే మనకొచ్చిన బిల్లుని అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించేటప్పుడు, తేదీల గొడవ చూద్దాం.

ఇదిగో బిల్లు. గాజువాక ఆటోనగర్‌లో మోటార్ రీవైండింగ్ చేయించాం, పని మార్చిలోనే అయిపోయింది, బిల్లు మీద 28-03-2025 అని ఉంది, కానీ కాగితం మన టేబుల్ మీదకి వచ్చేసరికి ఏప్రిల్ 5.

ఇన్వాయిస్ డేట్ దగ్గర బిల్లు మీదున్నదే కొట్టాలి, మన తెలివి అక్కర్లేదు. జీఎస్టీ క్రెడిట్‌కి, అంటే ఈ బిల్లులోని జీఎస్టీని మనం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడానికి, 180 రోజుల్లోపు డబ్బు కట్టాలన్న లెక్క దీన్నుంచే మొదలవుద్ది.

దాని కింద పోస్టింగ్ డేట్, అంటే ఎంట్రీ మన లెక్కల్లో ఏ తేదీన పడాలో అది, కొన్ని సాఫ్ట్‌వేర్లలో జీఎల్ (జనరల్ లెడ్జర్) డేట్ అంటారు, ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో అయితే ఎఫ్2 కొట్టి మారుస్తాం కదా, ఆ వోచర్ డేట్. అసలు కథంతా ఇక్కడే ఉంది. ఖర్చు ఏ నెలలో పడాలో చెప్పేది ఇదే. చాలా సాఫ్ట్‌వేర్లు ఈరోజు తేదీ వేసుకుని కూర్చుంటాయి, ట్యాలీ అయితే లాస్ట్ ఎంట్రీ తేదీ పట్టుకుంటది, మనం చూడకుండా ఎంటర్ ఎంటర్ కొట్టుకుంటూ పోయామా, మార్చి ఖర్చు కాస్తా కొత్త ఆర్థిక సంవత్సరంలో పడుద్ది. నా మొదటి ఉద్యోగంలో నేను చేసిన ఘనకార్యం ఇదే, ఆడిటర్ గారు పట్టుకునేదాకా నాకు తెలీనే తెలీదు. ఇక్కడ మార్చి లెక్కలు ఇంకా లాక్ చేయలేదు కాబట్టి 31-03 వేస్తున్నా.

ఇప్పుడు డ్యూ డేట్, అంటే డబ్బు కట్టాల్సిన ఆఖరి తేదీ. 30 రోజులు అని పెట్టగానే ఏప్రిల్ 27 వచ్చింది చూడండి, అంటే బిల్లు తేదీ నుంచి లెక్కేసింది. మీ దాంట్లో ఏప్రిల్ 30 వస్తే పోస్టింగ్ డేట్ నుంచి లెక్కేస్తోందన్నమాట, సెట్టింగ్ మార్చండి, లేకపోతే ఆటోనగర్ ఆయన ఫోన్ చేసి మరీ తిడతాడు.

ఇంకోటి, ఆయనది ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చేది) ఉన్న చిన్న యూనిట్ అయితే, రాసుకున్న అగ్రిమెంట్ లేకపోతే డబ్బు కట్టడానికి 15 రోజులే, ఉన్నా 45 దాటకూడదు, అదీ పని మనం ఒప్పుకున్న రోజు నుంచి, బిల్లు తేదీ నుంచి కాదు. దాటితే ఇన్‌కం ట్యాక్స్‌లో ఆ ఖర్చు డబ్బు కట్టిన సంవత్సరానికే ఇస్తారు. అందుకే రిసీవ్డ్ డేట్, అంటే పని ఒప్పుకున్న రోజు, ఖాళీగా వదలకండి.

ఎక్సెల్ నుంచి ఇంపోర్ట్ చేసేవాళ్ళు మాత్రం జాగ్రత్త, 05/04 అని మనం ఏప్రిల్ అనుకుంటాం, అది మే 4 అనుకోవచ్చు.

సరే, సేవ్ కొట్టా. డే బుక్‌లో, అంటే ఏ రోజు ఎంట్రీలు ఆ రోజు కింద కనిపించే చోట, మార్చి 31 తీద్దాం... ఆఁ, ఇదిగో, పడింది.