దర్బారు హాల్లో ఆడపిల్లల చదువు

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాదులో కోఠీ ఉమెన్స్ కాలేజీ తెలియనివాళ్లు తక్కువ. ఆ ఆవరణలో ఉన్న పాత రెసిడెన్సీ మేడను లోపలికి వెళ్లి చూసినవాళ్లు మాత్రం కొద్దిమందే.

ఈస్టిండియా కంపెనీ తరఫున నిజాం దగ్గర రెసిడెంటుగా, అంటే కంపెనీ ప్రతినిధిగా ఉన్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో దీన్ని మొదలుపెట్టించాడు. నక్షా శామ్యూల్ రసెల్‌ది, ఖర్చు నిజాంది. ముందు ఆరు ఎత్తైన స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ రెండు సింహాలు, లోపల దర్బారు హాలు. వచ్చినవాడు కంపెనీ దర్జా చూసి తల వంచాలన్నట్టు కట్టారు.

అందరూ తల వంచలేదు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని కూడగట్టుకుని ఈ రెసిడెన్సీ మీదికే వచ్చారు. ఫిరంగుల ముందు ఆ దాడి నిలవలేదు. తర్వాత ఖాన్‌ను చంపేశారు, మౌల్వీని అండమాన్ పంపేశారు.

1949లో మహిళా కళాశాల ఇక్కడికి మారింది. దొరలు సలాములు అందుకున్న గదుల్లో ఆడపిల్లలు పుస్తకాలు తెరిచారు. ఈ మేడకు దక్కిన గొప్ప గౌరవం అదేనని నా నమ్మకం. వాడకంలో ఉండబట్టే అది నిలిచింది కూడా. కానీ అంత పాత కట్టడాన్ని చూసుకోవడం ఒక కాలేజీ బడ్జెట్‌తో అయ్యే పని కాదు. శిథిలమవుతూ వచ్చి, చివరికి లోపల క్లాసులు ఆగిపోయాయి.

పాత కట్టడాలను కాపాడే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ చేయి కలిపాక మరమ్మతులు సాగాయి. ఇలాంటి చోట సిమెంటు పనికిరాదు. సున్నపు గోడకు సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి గోడను తినేస్తుంది. అందుకే మళ్లీ సున్నమే వాడాలి, ఆ పని తెలిసిన మేస్త్రీలు కావాలి. ఆవరణలో ఇదే మేడకు ఒక చిన్న నమూనా కూడా ఉంది. కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నిసా పరదా దాటి వచ్చి మేడ చూడలేదు కాబట్టి, ఆమె కోసం కట్టించాడని చెప్పుకుంటారు. దాన్నీ బాగుచేశారు.

ఇప్పుడా కళాశాల మహిళా విశ్వవిద్యాలయం అయింది, చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. మేడ బాగుపడింది కదా అని తాళం వేసి ఉంచకూడదు, పెళ్లిళ్లకు అద్దెకివ్వనూ కూడదు. చరిత్ర చదివే అమ్మాయిలే వచ్చినవాళ్లకు దాన్ని తిప్పి చూపించాలి. తుర్రెబాజ్ ఖాన్ కథ కూడా అక్కడే, ఆ మెట్ల మీదే చెప్పాలి.