సున్నంతో కట్టిన హైదరాబాద్

అందరికీ నమస్కారం.

హైదరాబాద్ పాత కట్టడాల గురించి మాట్లాడమంటే ఎవరైనా నవాబులతో మొదలుపెడతారు. నేను సున్నంతో మొదలుపెడతాను. 1591 నాటి చార్మినార్ మొదలుకుని ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల దాకా ఈ నగరంలో పేరున్న భవనాలు దాదాపు అన్నీ సున్నంతో కట్టినవే. రాయికి మనకు కొదవ లేదు, చుట్టూ గ్రానైట్ గుట్టలే. కానీ గ్రానైట్‌లో పువ్వులూ తీగలూ చెక్కడం మహా కష్టం. అందుకే మేస్త్రీలు రాయితో గోడ లేపి, దాని మీద గచ్చు, అంటే సున్నపు పూత, చేసి, అది పూర్తిగా ఆరకముందే నగిషీ తీశారు. చార్మినార్ మినార్ల మీద మీరు తలెత్తి చూసే ఆ రేకులు, చిన్న చిన్న కమానుల వరసలు చాలావరకు ఆ గచ్చు పనే.

ఆ సున్నం తయారీ చూస్తే ఓపిక అంటే ఏంటో తెలుస్తుంది. సున్నపురాయిని బట్టీలో కాల్చాలి, నీళ్లు పోసి విరగనివ్వాలి, రోజుల తరబడి నానబెట్టాలి. తర్వాత ఇసుక కలిపి గానుగలో వేసి ఎద్దులతో తిప్పించేవారు. డంగు సున్నం అంటే అదే. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ రసం, మారేడు గుజ్జు, మినప్పిండి, గుడ్డు తెల్లసొన వంటివి కలిపేవారు. ఏది ఎంత కలపాలన్నది పనిని బట్టి, మేస్త్రీ అలవాటును బట్టి మారేది. ఈ పనితనం ఎంత దూరం వెళ్లగలదో చూడాలంటే సంతోష్‌నగర్ దగ్గరున్న ‘పైగా’ అనే నవాబుల వంశం వారి సమాధులకు వెళ్లండి. గోడల మీద గచ్చుతో తీసిన పనికీ, పక్కనే పాలరాతి జాలీలకూ నాజూకులో తేడా కనిపెట్టడం కష్టం. చార్మినార్ దగ్గర ఫొటో దిగే జనంలో పదో వంతు మంది కూడా అటు వెళ్లరు, నాకు అదే బాధ.

సున్నం గోడ గట్టిదనం సిమెంట్‌తో పోలిస్తే తక్కువే, దాని బలం కూడా అందులోనే ఉంది. వానకు గోడలో తేమ చేరుతుంది, ఎండకు ఆ తేమ సున్నపు పూతలోంచి బయటికి పోతుంది. పునాది కాస్త సర్దుకున్నా సున్నం దానితో పాటు సర్దుకుంటుంది. పాత గోడ మీద సిమెంట్ పూస్తే తేమకు దారి మూసుకుపోతుంది. లోపల ఉప్పు పేరుకుని, పాత సున్నం పొడిపొడి అయిపోతుంది. పైకి మాత్రం గోడ కొత్తగా నున్నగా కనిపిస్తుంది. కొన్నేళ్లకు ఆ సిమెంట్ పెచ్చు ఊడినప్పుడు, నాలుగు వందల ఏళ్ల నగిషీని కూడా లాక్కుని పడుతుంది. ఇందులో చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేదు. బాగు చేస్తున్నామనే అనుకుంటూ చేస్తాం.

కుతుబ్ షాహీ సమాధుల దగ్గర ఈ తప్పును సరిదిద్దారు. 2013 నుంచి ఆగా ఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి అక్కడ పని చేసింది. గుమ్మటాల మీద గత శతాబ్దంలో పూసిన సిమెంట్‌ను చేత్తో ఒలిచి తీసి, మళ్లీ సున్నం పూత వేశారు. పని మొదలైన ఏడాదే వానలకు కూలిన బడీ బావ్లీని, అంటే అక్కడి పెద్ద మెట్ల బావిని, పడిన రాళ్లతోనే తిరిగి నిలబెట్టారు. అక్కడి మెట్ల బావుల పనికి 2022లో యునెస్కో అవార్డు వచ్చింది. అవార్డు సంగతి అలా ఉంచండి, ఈ పని చేయగల చేతులు మన దగ్గర మళ్లీ తయారయ్యాయి. నాకు అన్నిటికంటే విలువైన ఫలితం అదే.

కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ ఇంకో రకం ఉదాహరణ. కిర్క్‌పాట్రిక్ రెసిడెంట్‌గా, అంటే నిజాం దర్బారులో బ్రిటిష్ వారి ప్రతినిధిగా, ఉన్న రోజుల్లో, 1803 ప్రాంతంలో మొదలైన భవనం. ముందున్న ఆ భారీ స్తంభాలు యూరప్ పద్ధతివే, పైన మెరిసేది మాత్రం మన సున్నం పూతే. దర్బారు హాలు పైకప్పుకు కాగితపు గుజ్జుతో చేసిన రంగుల అలంకారం ఉంది. పైన నీళ్లు కారితే ముందు పోయేది అదే. ఆ భవనంలో ఏళ్ల తరబడి ఆడపిల్లలు చదువుకున్నారు. ఇంత అందమైన క్లాసురూములు దేశంలో ఎన్ని ఉంటాయి చెప్పండి!

1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద ఈ నగరం రూపాన్నే మార్చేసింది. వేలమంది కొట్టుకుపోయారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. విశ్వేశ్వరయ్య సలహాతో జలాశయాలు వచ్చాయి. విన్సెంట్ ఎష్ డిజైన్లతో మూసీకి ఒక ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ, ఎదుటి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. వంతెన మీద నిలబడి రెండు వైపులా చూస్తే, ముంచిన నది వైపే ముఖం పెట్టి కట్టుకున్న ఊరు కనిపిస్తుంది. అంత ధైర్యంగా ఆలోచించిన తరం అది.

ఇక పోగొట్టుకున్న వాటి లెక్క. పాత సచివాలయంతో పాటు నిజాం కాలపు సైఫాబాద్ ప్యాలెస్, అదే జీ బ్లాక్, 2020లో నేలమట్టమైంది. ఇర్రం మంజిల్ అనే పాత ప్యాలెస్‌కూ అదే గతి పట్టేదే. కూల్చాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది కాబట్టి బతికింది. కోర్టుకు వెళ్లిన పౌరులకు ఈ నగరం రుణపడి ఉంది.

ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలోకి 2020 జులై వానలకు నీళ్లు వచ్చాయి. రోగులను వేరే బ్లాకులకు మార్చి, తాళం వేశారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఆపరేషన్ థియేటర్లూ ఐసీయూలూ కొత్త చోటికి వెళ్లడమే మంచిది, అందులో నాకు రెండో మాట లేదు. అయితే ఖాళీగా వదిలేసిన సున్నం భవనం మన కోసం ఆగదు. పైకప్పు మీద తూములు పూడితే నీళ్లు నిలుస్తాయి, పగులులో రావి మొక్క మొలుస్తుంది, రెండు మూడు వానాకాలాలకు దాని వేళ్లు రాళ్లను కదిలించేస్తాయి. ఆ భవనంలో వైద్య మ్యూజియం పెడతారా, లైబ్రరీ పెడతారా అన్నది తీరిగ్గా చర్చించవచ్చు. ప్రతి ఏడాదీ జూన్‌లోపు పైకెక్కి తూములు శుభ్రం చేసి, మొక్కలను వేళ్లతో సహా తీసి, ఆ సందుల్లో డంగు సున్నం నింపడం మాత్రం చర్చ తేలేదాకా ఆపకూడదు.